మీట నొక్కిన తర్వాత

మా ఊళ్లో కొంతమంది నన్ను వెనకాల తుపాకి రాముడు అంటారని నాకు తెలుసు. తొమ్మిదేళ్లు అమెరికాలో ఉండి వచ్చి, మేడ కట్టకుండా, కారు కొనకుండా, 'అక్కడ నా చేత్తో తుపాకి చేశాను' అని చెప్పుకునే మనిషిని ఇంకేమని పిలుస్తారు? చూపించమంటే చూపించడానికి అది నా దగ్గర లేదు. పెన్సిల్వేనియాలో ఒక ముసలాయన ఇంట్లో గోడకు వేలాడుతోంది. ఫోన్లో ఫొటోలున్నాయి. అవి చూసి మా చిన్నాన్న, "బాగుందిరా, ఎంతకి కొన్నావు?" అన్నాడు.

నేను చేసింది చెకుముకి తుపాకి. రాయి ఉక్కుకు తగిలి రవ్వలు పడితే, ఆ రవ్వలకు మందు అంటుకుని పేలే రకం. తూటా అనేది ఉండదు. మందూ గుండూ మూతి నుంచే వేసి గజం అనే పొడుగాటి కమ్మీతో దట్టించాలి. ఒకసారి పేల్చాక మళ్లీ మందు నింపి బారు చేయడానికి నాకు నిమిషం పైనే పట్టేది. 1600ల మొదట్లో ఫ్రాన్సులో రూపం దిద్దుకున్న ఈ యంత్రం రెండొందల ఏళ్లు ప్రపంచాన్ని ఏలింది. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ సిపాయిల చేతుల్లోనూ, వాళ్ల మీదికొచ్చిన ఈస్టిండియా కంపెనీ సిపాయిల చేతుల్లోనూ ఉన్నది ఇదే. తర్వాత దెబ్బకు పేలే చిన్న క్యాపుతో మందు అంటించే క్యాపు తుపాకి వచ్చింది, ఇది అటకెక్కింది.

అంత పాతదాన్ని ఇప్పుడు చేయడం ఎందుకని మా నాయన అడిగాడు. మొదట్లో నా దగ్గర సమాధానం లేదు. అక్కడ చలికాలం పొడుగు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి, ఏదో ఒక పని కావాలి. అంతే. ఇప్పుడైతే ఒక సమాధానం ఉంది. కానీ అది తుపాకి గొప్పతనం గురించి కాదు, మా పొలాల చుట్టూ రాత్రిళ్లు తీగల్లో పారే కరెంటు గురించి. ఈ రెంటికీ సంబంధం ఏంటో చెప్పాలంటే తుపాకి దగ్గరే మొదలుపెట్టాలి.

మాది ఉదయగిరి దుర్గం నీడన ఉండే మెట్ట ఊరు. వేరుశనగ, కంది, వాన కుదిరితే సజ్జ. మా తాతకు పంట కాపలా లైసెన్సు ఉండేది. 1959 ఆయుధాల చట్టంలో 13వ సెక్షన్ చదివితే ఇప్పటికీ ఆ మాట కనిపిస్తుంది: నిజంగా పంట కాపాడుకోవడానికి మూతి నుంచి మందు దట్టించే తుపాకి కావాలంటే లైసెన్సు ఇవ్వాలి. తాతది చెకుముకి కాదు, క్యాపు పెట్టి పేల్చేది. గొట్టం లోపల నున్నగా ఉండేది. రైఫిల్ అనాలంటే గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉండాలి, గుండు వాటివెంట గిర్రున తిరుగుతూ బయటికి పోవాలి. కాబట్టి తాతది రైఫిల్ కాదు, ఉత్త నాటు తుపాకి. ఎలక్షన్లు వచ్చిన ప్రతిసారీ గోనెపట్టాలో చుట్టి సైకిలుకు కట్టుకుని పోయి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. నాయన చేతికొచ్చేసరికి రెన్యువల్‌కి తిరగలేక వదిలేసుకున్నాడు. ఇనప గజం ఒకటి ఇంట్లో మిగిలిపోయింది. దానికి మా అవ్వ దోమతెర కట్టుకునేది.

తాతను నేనేమీ ఆకాశానికెత్తడం లేదు. నేను పుట్టకముందు ఆయనా, ఆయన జట్టూ కుందేళ్లనూ కొండగొర్రెలనూ ఏం చేశారో అవ్వ చెప్పేది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చింది ఊరికే కాదు. నాకు ఊహ తెలిశాక ఆయన దాన్ని పేల్చింది మాత్రం మూడుసార్లే. ఎక్కువ రాత్రిళ్లు ఊరికే మంచె మీద పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. పందులు వస్తే డబ్బా కొట్టేవాడు.

పెన్సిల్వేనియాలో మా పక్కింటి ముసలాయన రిటైరైన మెషినిస్టు. కారు పెట్టుకోవాల్సిన గ్యారేజీలో కొయ్యపట్టెలూ, ఆకురాళ్లూ, ఉలులూ పెట్టుకుని పొడుగాటి తుపాకులు చేసేవాడు. ఆ ప్రాంతానికి ఈ పని కొత్త కాదు. 1700ల్లో జర్మనీ నుంచి వచ్చిన తుపాకి పనివాళ్లు లాంకాస్టర్ చుట్టుపక్కల కొలుములు పెట్టుకున్నారు. వాళ్లు తెచ్చిన పొట్టి, లావు గొట్టం రైఫిల్ అక్కడి అడవుల్లో మెల్లగా పొడుగైంది, సన్నబడింది. సన్న గొట్టమైతే చిన్న గుండు చాలు, సీసం ఆదా. దూరం అడవుల్లో నెలలు తిరిగేవాడికి మోసుకెళ్లే బరువు తగ్గుతుంది. మన మెట్ట రైతు లెక్కలాంటిదే.

అక్కడి 1968 కేంద్ర చట్టం ఇలాంటి చెకుముకి తుపాకుల్ని, పాతవాటికి నకళ్లుగా చేసినవాటిని కూడా, పురాతన వస్తువుల కింద జమకట్టి మామూలు తుపాకుల లెక్కలోంచి తీసేసింది. ఇదే పని నేను ఉదయగిరిలో చేస్తే? 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకి తయారు చేసినవాడికి ఏడేళ్లకు తగ్గని శిక్ష, యావజ్జీవం దాకా పోవచ్చు. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. ఎవరైనా కుర్రాడు ఇది చదివి పైపు వెతుక్కుంటాడేమో, బాబూ, వద్దు. చట్టం సంగతి అటుంచు, సరిగ్గా కుదరని గొట్టం ముందు పేల్చినవాడి మొహం మీదే పగులుతుంది.

'చేత్తో చేశాను' అనే మాటలో నేనూ కొంత కోత కోస్తున్నాను. గొట్టం నేను చేయలేదు, కొన్నాను. అక్కడ చేసేవాళ్లలో ఎక్కువమంది అంతే. వాలెస్ గస్లర్ అని విలియమ్స్‌బర్గ్‌లో ఒకాయన 18వ శతాబ్దపు పనిముట్లతోనే, ఇనప పట్టీని కాల్చి గొట్టంగా చుట్టే దగ్గర్నుంచి, మొత్తం రైఫిల్ ఒక్కడే చేసి చూపించాడు. 1969లో దాన్ని సినిమాగా కూడా తీశారు. అది పని. నాది అతుకుల పని: నలభై రెండు అంగుళాల ఎనిమిది పలకల గొట్టం కొని, పోతపోసిన ముక్కల్ని అరగదీసి, చారల మేపుల్ చెక్కలో వాటిని కుదించడం. దానికే రెండు చలికాలాలు పట్టింది.

కుదించడం అన్నానే, అక్కడే నెలలు పోయాయి. గొట్టం చెక్కలో ఎంత బిగువుగా కూర్చోవాలంటే మధ్యలో కాగితం దూరకూడదు. దానికి పద్ధతి ఏమిటంటే, గొట్టం అడుగున పలచగా మసి పూసి చెక్కలో దించి, పైనుంచి ఒక దెబ్బ వేసి ఎత్తేయడం. చెక్క మీద ఎక్కడ నల్లచుక్క పడిందో అక్కడ మిట్ట ఉన్నట్టు. ఆ చుక్కను మాత్రమే, గోరుతో గీకినంత, గీకేయాలి. మళ్లీ దించు, మళ్లీ ఎత్తు. మొదట నాలుగైదు చుక్కలు పడతాయి. రోజులు గడిచేకొద్దీ చుక్కలు పెరుగుతాయి. చెక్కంతా నల్లగా పడిన రోజు పని అయిపోయినట్టు.

ఆ మసి పేస్టు డబ్బాలో దొరుకుతుంది. ఒక మంచు రోజు అది అయిపోయింది. దారులు మూసేశారు. నాకు మా అవ్వ గుర్తొచ్చింది. ఇండియన్ షాపులో కొన్న ఆముదం ప్రమిదలో పోసి, వత్తి వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించాను. గంటకు పళ్లెం అడుగున మెత్తటి కాటుక. చుక్క ఆముదంతో రంగరించి గ్యారేజీకి పట్టుకుపోతే ముసలాయన వేలికి రాసుకుని చూసి, ఇది నా డబ్బాలోదానికంటే నున్నగా ఉంది, ఎక్కడిది అన్నాడు. మా దగ్గర చంటిపిల్లల కళ్లకు పెడతారని చెబితే చాలాసేపు నమ్మలేదు. మిగిలిన పని అంతా కాటుకతోనే జరిగింది.

పోయిన సంక్రాంతికి ఉదయగిరిలో చెక్క గరిటెలు కొనడానికి వెళ్లాను. ఉదయగిరి చెక్క స్పూన్లకు 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అవి చేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. దుర్గం కొండ చెక్కను చిన్న చిన్న కత్తులతో, ఆకురాళ్లతో చెక్కుతుంటారు. ఒకామెకు ఊరికే ఉండలేక నా ఫొటో చూపించాను. ఆమె తుపాకిని చూడలేదు, చెక్కనే చూసింది. ఫోను దగ్గరికి లాక్కుని, వేళ్లతో ఫొటో పెద్దది చేసి, చెయ్యి పట్టుకునే సన్నటి మెడ దగ్గర ఆపి, "ఇక్కడ పోగు అడ్డం పోయింది చూడు సామీ. గరిటె అయినా ఇంతే, మెడ కాడ పోగు నిలువుగా రావాల. ఇది ఎప్పుడో ఒకనాడు విరుగుద్ది" అంది. సరిగ్గా ఈ మాటే ముసలాయన కూడా అన్నాడు, చెక్క కోసేసిన తర్వాత. నేను వాళ్లనీ వీళ్లనీ పోల్చి పెద్ద మాటలు చెప్పబోతుంటే ఆమె ఫోను తిరిగిచ్చి, "చెక్క మీద ఇంత మనసు పెట్టినోడివి, దాంట్లో ఇనుము ఎందుకు పెట్టినావు?" అని తన పనిలో పడింది.

ఇక చెకుముకి సంగతి. గుర్రం, అంటే మీట నొక్కితే ముందుకు దూకే భాగం, దాని దవడల మధ్య రాయి. ఎదురుగా నిలబడి ఉండే ఉక్కు రెక్క. ఆ రెక్కే కింద ఉన్న చిన్న గిన్నెకు మూత కూడా. రాయి వచ్చి రెక్కను గీరుకుంటూ దిగుతుంది, రెక్క వెనక్కి పడిపోతుంది, గిన్నె తెరుచుకుంటుంది, రవ్వలు అందులోని రంజకం, అంటే ముందుగా అంటుకునే సన్నటి మందు, మీద పడతాయి. మా చిన్నప్పుడు రాత్రిళ్లు రెండు పలుగురాళ్లు తీసుకుని దుప్పటి కింద దూరి రాసేవాళ్లం. లోపల వెలుగొచ్చేది, కాలిన వాసనొచ్చేది. అందుకని నిప్పు రాయిలో ఉంటుందనుకునేవాణ్ని. కాదు. ఆ వెలుగు దేన్నీ అంటించదు. చెకుముకిలో మండేది ఉక్కు. రాతి అంచు ఉక్కును సన్నగా చెక్కేస్తుంది, ఆ పొట్టు రాపిడికి ఎర్రబడి గాలిలో మండుతుంది. రాయి ఉత్త ఉలి.

ఉక్కు రెక్కను ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచాలి. నేను తొందరపడ్డాను, చాలినంత కాలకముందే ముంచేశాను. గట్టిపడ్డ ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి, నా రెక్క మీద చక్కగా కొరికింది. అయినా పెట్టి చూశాను. ఇరవైసార్లు నొక్కితే ఒక్క రవ్వ పడలేదు, రెక్క మీద గాట్లు పడ్డాయి. ముసలాయన ఏమీ అనలేదు. ఇంకో రెక్క తెప్పించాడు. పాడైనదాని తోక కోసేసి, ఇది ఇక తుపాకికి పనికిరాదు, ఎప్పటికైనా బాగు చేసుకుంటే పొయ్యి వెలిగించుకో అని నా చేతిలో పెట్టాడు.

తుపాకి పూర్తయిన రోజు మందు లేకుండా నెలరోజులు పేల్చమన్నాడు. దవడల్లో రాయికి బదులు చెక్కముక్క బిగించి, గొట్టం చివర ఒక నాణెం నిలబెట్టి, నొక్కు అన్నాడు. గుర్రం దూకుతుంది, టక్కుమంటుంది, నాణెం పడకూడదు. పడేది. ఎందుకంటే మీట నొక్కగానే నా ఒళ్లు 'అయిపోయింది' అనుకునేది. భుజం వదులయ్యేది, తల లేచేది. ఇదేం పిల్లలాట అనుకున్నా గానీ, అసలు మందుతో పేల్చినప్పుడు తెలిసింది.

మామూలు తుపాకిలో నొక్కడమూ పేలడమూ ఒకటే. దీంట్లో కాదు. ముందు గుర్రం దూకిన చప్పుడు. తర్వాత మొహానికి జానెడు దూరంలో గిన్నెలో భగ్గుమని మంట. ఆ మంట గొట్టం పక్కనుండే సన్నటి బెజ్జంలోంచి లోపలికి పోవాలి. అప్పుడు పేలుడు. బాగా కుదిరిన తుపాకిలో ఇదంతా సెకనులో పదోవంతు కూడా ఉండదు. కానీ మనిషి బెదరడానికి ఆ మాత్రం చాలు. రంజకం ఎక్కువ పోసి బెజ్జాన్ని కప్పేస్తే ఇంకా ఆలస్యం, బెజ్జంలోని మందు వత్తిలాగా కాలుకుంటూ పోవాలి. తేమ పడితే గిన్నెలో మంట వస్తుంది, లోపల ఏమీ జరగదు. తుస్సు. మన భాషలో 'తుస్సుమంది' అనే మాట దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది. అలాంటప్పుడు కూడా గొట్టం పక్కకు తిప్పకూడదు, లోపల నిప్పు ఇంకా నడుస్తూ ఉండొచ్చు.

ఈ ఆలస్యం వల్లే చెకుముకి చచ్చిపోయింది. స్కాట్లండులో అలెగ్జాండర్ ఫోర్సైత్ అని ఒక చర్చి పాస్టరు ఉండేవాడు, బాతుల వేట పిచ్చి. గిన్నెలో మంట కనబడగానే పిట్టలు బెదిరి తప్పించుకుంటున్నాయని విసిగిపోయి, దెబ్బకే పేలే రసాయనంతో మందు అంటించే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు తీసుకున్నాడు. మా తాత క్యాపు తుపాకికి మూలపురుషుడు ఆయనే. అక్కణ్నుంచి తుపాకి చరిత్ర అంతా ఆ ఆలస్యాన్ని తగ్గించుకుంటూ పోయిన చరిత్రే. నొక్కినవాడికీ జరిగినదానికీ మధ్య ఉన్న ఆ కాస్త ఖాళీని పూడ్చేశారు. ముసలాయనకు ఆ ఖాళీయే కావాలి. మీట నొక్కిన తర్వాత కూడా గురి మీదే ఉండు, పని అప్పుడే మొదలైంది అనేవాడు.

పెన్సిల్వేనియాలో 1974 నుంచి క్రిస్మస్ దాటాక చెకుముకి తుపాకులకే ప్రత్యేకంగా ఒక జింకల సీజను నడుస్తోంది. టెలిస్కోపు పెట్టుకోకూడదు. మొదటి ఏడు మంచు కురిసి రంజకం బురదైంది, జింక నావైపు చూసి నిదానంగా నడిచిపోయింది. రెండో ఏడు నలభై గజాల్లో ఒక ఆడజింక. నొక్కాను. టక్, భగ్, ఢాం. ఆ తర్వాత ఏమీ కనపడలేదు. ఈ మందు పొగ తెల్లగా, దట్టంగా, దీపావళి మర్నాడు వీధి వాసనతో కళ్లముందు తెరలా నిలబడిపోతుంది. జింక పడిందో, పారిపోయిందో, తగిలి కుంటుతోందో తెలియదు. ఆ పొగ విడిపోయేదాకా నిలబడాలి. విడిపోయాక అక్కడ ఏమీ లేదు. మంచు మీద ఎర్రటి చుక్కలు. నూట ముప్ఫై అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయాను. ఒక పొద పక్కన పడుకుని ఉంది, ఇంకా ఊపిరి ఉంది. పక్కన కూర్చున్నాను. అది పోవడానికి ఎంతసేపు పట్టిందో రాయను.

మాంసం తిన్నాం. అమ్మకు ఏడాది దాకా చెప్పలేదు. ఆ తర్వాత గురిబోర్డు మీదే తప్ప జంతువు మీద పేల్చలేదు. అలాగని వేటగాళ్లంతా పాపాత్ములని కూడా అనుకోను. నా దగ్గర మిగిలింది ఒకటే: ఆ జింక చచ్చినప్పుడు నేను అక్కడ ఉన్నాను. ఉండక తప్పని పనిముట్టు అది.

తిరిగి ఊరికి వచ్చేసరికి మా పొలాల్లో వేరుశనగ తగ్గిపోయింది. కాయ ఊరే వేళకు పందుల మంద ఒక్క రాత్రి దిగితే చాలు, ఎకరాలకు ఎకరాలు నాగలి పెట్టినట్టు తిరగేస్తాయి. తినేది కొంత, పెళ్లగించేది అంతా. అడవిపంది కూడా చట్టం రక్షణ ఉన్న జంతువే. తుపాకులు పోయాయి. తుపాకుల స్థానంలో వచ్చినవి రెండు: పిండిముద్దలో చుట్టిపెట్టే నాటుబాంబు, గట్టు వెంబడి మోకాలి కింద కట్టే కరెంటు తీగ. బాంబు కొరికిన పంది దవడ ఊడిపోయి రోజుల తరబడి తిరిగి చస్తుంది. బాంబుకు పందీ, ఆవుదూడా ఒకటే. తీగకు ఇంకా తేడా తెలియదు. రాత్రి మోటారు వేయడానికి వెళ్లి పక్కవాడి తీగ మీద పడి చచ్చిపోయిన రైతుల వార్త మన జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదవలేదు? తీగ కట్టినవాడు ఆ సమయంలో ఇంట్లో నిద్రపోతుంటాడు. పొద్దున వచ్చి చూసేదాకా ఏం చచ్చిందో వాడికే తెలియదు.

ఇదంతా నేను నెల్లూరులో కూర్చుని, టీ తాగుతూ, స్నేహితులకు చాలా ఆవేశంగా చెప్పేవాణ్ని. చెకుముకి తుపాకి ఉదాహరణతో సహా.

పోయిన ఏడాది కార్తీకంలో ఫోన్ వచ్చింది. తీగ తగిలి పక్క ఊరివాళ్ల చూడి గేదె చచ్చింది. ఎవరి పొలంలో? మా పొలంలో. కౌలుకిచ్చిన నాలుగెకరాల్లో. తీగ ఉందని నాకు తెలియదా అంటే, తెలుసు. వేసవిలో వెళ్లినప్పుడు గట్టు మీద గూటాలు చూశాను. ఎందుకని అడగలేదు. అడిగితే వద్దనాలి. వద్దంటే పంట పోతే కౌలు అడిగే మొహం ఉండదు. అందుకని గూటాలు చూడనట్టే తిరిగి వచ్చేశాను.

గేదె డబ్బులు కట్టాం. ఎంత అన్నది పంచాయితీలో నాలుగు గంటలు నడిచింది, అది వదిలేద్దాం. ఆ తర్వాత కౌలు చేసే ఆయనతో గట్టు మీద కూర్చుని నా తుపాకి సిద్ధాంతమంతా చెప్పాను. మనిషి ఎదురుగా నిలబడి చేసే పని వేరు మామా, మనిషి లేకుండా తీగ చేసే పని వేరు అని. ఆయన బీడీ కాల్చుకుంటూ అంతా విన్నాడు. "నువ్వు చెప్పింది బాగుండాది అబ్బయ్యా. కానీ నువ్వు తుపాకి పట్టుకోని నిలబడితే అది సరదా. నేను నిలబడితే నిద్ర పోద్ది. పగలంతా చేలో వొంగి, రాత్రంతా మంచె మీద మేలుకుంటే, నేనెప్పుడు పండుకునేది? ఆ తీగ నాకు బదులు మేలుకుంటాది. నువ్వు నెల్లూర్లో పండుకున్నట్టే నేనూ పండుకున్నా."

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆలోచిస్తే ఇప్పటికీ లేదు. నా వాదనలో బొక్క అక్కడే ఉంది. నేను తీగ దగ్గర లేని మనిషి అంటూ తిట్టింది ఆయన్ని. ఆ పొలంలో ఇరవై ఏళ్లుగా లేని మనిషిని నేను. తీగకంటే ముందు ఆ గట్టు మీంచి లేచిపోయింది మేము: తాత పోయాక నాయన ఉదయగిరికి, నేను అమెరికాకి. కాపలా అనేది పొలం పనిలో భాగం కాకుండా పోయి, కౌలు కట్టేవాడి నెత్తిన అదనంగా పడింది. దానికి ఎవరూ కూలి కట్టలేదు. అందుకని ఇప్పుడు నేను వాదించేది కాస్త మారింది. తీగ పాపమే, అందులో అనుమానం లేదు, నేరం కూడా. కానీ తీగ తీసేయమని చెప్పే హక్కు కాపలా ఖర్చులో వాటా పెట్టినవాడికే ఉంటుంది. భూమి పేరున్నవాడికి ముందు ఉండాలి ఆ వాటా.

మళ్లీ తుపాకులు ఇవ్వమంటారా అని అడుగుతున్నారు కొందరు. ఇంటింటికీ తుపాకి అనే మాటంటే నాకు భయం. అక్కడ తొమ్మిదేళ్లు ఉన్నవాడికి ఆ భయం ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. అదుపు తప్పిన చోట సర్కారే కొన్నాళ్లపాటు కాల్చే అనుమతి ఇవ్వడం మన దేశంలో కొత్త కాదు. కేంద్రం 2015 డిసెంబరులో బీహార్‌లో కొన్ని జిల్లాల్లో అడవిపందితోపాటు నీల్‌గాయ్‌నీ, 2016లో ఉత్తరాఖండ్‌లో కొన్ని జిల్లాల్లో అడవిపందినీ ఏడాదిపాటు హానికర జంతువులుగా ప్రకటించింది. అప్పుడు పెద్ద గొడవే జరిగింది. నాకైతే అది తీగకంటే వెయ్యి రెట్లు నయం. కాల్చినవాడి పేరు ఒక కాగితం మీద ఉంటుంది. తప్పు జరిగితే అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

మేము చేసింది చిన్న పని. తీగ పీకేశాం. సోలార్ కంచె వేశాం, ఖర్చులో ఎక్కువ భాగం నాది. అది చిన్న చిన్న దెబ్బలుగా కొడుతుంది, ఎగిరిపడేలా చేస్తుంది, చంపదు. పందులు తెలివైనవి, కొన్నాళ్లకు దాని కింద తవ్వడం నేర్చుకుంటాయని అంటున్నారు. అందుకని కాయ ఊరే నెలన్నరా మంచె కట్టి వంతులవారీగా కాపలా. వారంలో రెండు రాత్రులు నావి. నెల్లూరు నుంచి రెండు గంటలకు పైన ప్రయాణం. మా ఆవిడ దీన్ని నా అమెరికా పిచ్చికి రెండో భాగం అంటోంది.

మొదటి వంతుకు వెళ్లేముందు రోడ్డు పక్కన కొలిమి దగ్గర ఆగాను. ఆ చుట్టుపక్కల మిగిలింది ఆ ఒక్క కొలిమే, తిత్తికి బదులు కరెంటు బ్లోయర్. కొడవళ్లు, గొడ్డళ్లు పదును పెట్టే పెద్దాయన. నా పాడైన ఉక్కు ముక్క తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, "ఏందిది, తలుపు గడియా?" అన్నాడు. చెకుముకి అన్నాను. మొహం విప్పారింది. వాళ్ల నాయన మొలలో ఎప్పుడూ ఉండేదట. ఆకురాయి ఒకసారి గీసి చూసి, "పాకం రాకముందే దించేశారు" అన్నాడు. బొగ్గుల్లో పెట్టి, రంగు చూసుకుంటూ, నేను ఇక చాలనుకున్న దగ్గర తీయకుండా ఇంకాసేపు ఉంచి, తీసి ముంచాడు. చుయ్యిమంది. ఈసారి ఆకురాయి జారిపోయింది. డబ్బులు వద్దన్నాడు, బలవంతాన ఇరవై ఇచ్చాను.

ఆ రాత్రి మంచె మీద నేనూ కౌలు మామా. కంచె మీటరు టిక్కు టిక్కుమంటోంది. పన్నెండు దాటాక కంది చేను వైపు అలికిడైతే డబ్బా కొట్టాం. ఏదో బరువుగా పరిగెత్తిన చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. ఆయన బీడీ తీశాడు. ఆగు మామా అని, జేబులోంచి ఉక్కు ముక్కా, అక్కడి నుంచి తెచ్చుకున్న నల్ల చెకుముకి రాయీ తీసి, మాడ్చిన గుడ్డపీలిక రాతి మీద ఒత్తిపట్టి కొట్టాను. మొదటి దెబ్బకు రాలేదు. రెండో దెబ్బకు నాలుగైదు రవ్వలు జల్లున పడ్డాయి. ఒకటి గుడ్డ మీద అతుక్కుని, ఎర్రటి చుక్కయి, మెల్లగా వెడల్పయింది. ఊదుతూ ఆయన ముందు పెట్టాను. బీడీ అంటించుకుని రెండు దమ్ములు లాగి, రాయినీ ఉక్కునూ చేతిలోకి తీసుకుని టార్చి వేసి చూశాడు.

"లైటరు పది రూపాయలే గదా అబ్బయ్యా," అన్నాడు.